నర్సమ్మను అడగనివ్వండి

ఆస్పత్రి మంచం ఇప్పుడు మన ఇళ్ళలోకి వచ్చింది. పక్షవాతం వచ్చిన దాదా, తుంటి ఎముక విరిగిన నానీ, మధుమేహంతో కాలికి పుండు పడిన అబ్బా - ఇలాంటి వారిని ప్రమాదం గడవగానే ఆస్పత్రి వారు ఇంటికి పంపేస్తున్నారు. ఆ తర్వాత ఇంజక్షన్లు, ముక్కు గొట్టం ద్వారా ఆహారం, పుండుకు కట్లు, పూటపూటకూ మాత్రలు అన్నీ ఇంట్లోనే. నర్సును ఇంటికి పిలిపించుకోవడం ఒకప్పుడు సంపన్నులకే సాధ్యమయ్యేది. ఈనాడు మధ్యతరగతి కుటుంబాలు కూడా ఆ ఖర్చు భరించక తప్పడం లేదు. కొడుకులు జిద్దాలోనో, కువైట్‌లోనో ఉద్యోగాల్లో ఉండగా హైదరాబాదులోనో, కడపలోనో ముసలి తల్లిదండ్రులు మిగిలిపోయిన ఇళ్ళలో అయితే ఆ నర్సే ఆధారం.

ఇందులో ఆక్షేపించవలసిందేమీ లేదు. రోగికి తన ఇల్లు, తన వాళ్ళు దగ్గరుండటం కంటే కావలసిందేముంది? అయితే ఆస్పత్రి నుంచి రోగి ఇంటికి వచ్చాడు గానీ, అక్కడి జాగ్రత్తలు ఆయన వెంట రాలేదు. దీని గురించి మనం ఆలోచించడం లేదు.

ఆస్పత్రిలో ఒక మందు రోగి ఒంట్లోకి వెళ్ళేలోపు ఎన్నో చేతులు మారుతుంది. డాక్టరు రాస్తాడు. ఫార్మసిస్టు చూసి ఇస్తాడు. నర్సు కేసు షీటుతో సరిచూసి రోగికి వేస్తుంది, వేసిన వేళ రాసి సంతకం పెడుతుంది. ఇన్సులిన్ లాంటి మందయితే మోతాదును రెండవ నర్సు కూడా చూడాలన్నది మంచి ఆస్పత్రుల పద్ధతి. ఒకరి పొరపాటు మరొకరి కంట పడుతుంది. ఇంట్లో ఈ అంచెలేవీ ఉండవు. నర్సు ఒక్కతే ఉంటుంది. చేతిలో సిరంజి పట్టుకున్నప్పుడు ఆమె మనసులో కలిగే సందేహమే రోగికి చివరి కాపలా. ఆ సందేహాన్ని బయటికి చెప్పే ధైర్యం ఆమెకు ఉందా లేదా అన్నది చాలావరకు ఆ ఇంటి వాళ్ళ మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే హానిని తగ్గించేందుకు ప్రపంచవ్యాప్త కార్యక్రమాన్ని ప్రారంభించింది. ముఖ్యంగా మూడు సందర్భాల్లో జాగ్రత్త అవసరమని చెప్పింది. అపాయకరమైన మందులు వాడే సందర్భం ఒకటి. ఒకే మనిషి అనేక మందులు వాడటం రెండవది. రోగి ఒకచోటి నుంచి మరొక చోటికి మారడం మూడవది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మన పెద్దవాళ్ళలో చాలామందికి ఈ మూడూ ఒకేసారి వర్తిస్తాయి.

ఇన్సులిన్ సంగతే చూద్దాం. మన దేశంలో సీసాలో దొరికే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం గలది. పెన్నులో వేసే కార్ట్రిడ్జిలో ఉండేది మిల్లీలీటరుకు 100 యూనిట్లు. గల్ఫ్ దేశాల్లో సీసా ఇన్సులిన్ కూడా 100 బలం గలదే. సిరంజిలు కూడా రెండు రకాలు. సాధారణంగా ఎర్ర మూతది 40కి, నారింజ రంగు మూతది 100కి. సెలవు మీద వచ్చిన కొడుకు ప్రేమతో అక్కడి నుంచి సీసా తెస్తాడు. ఇంట్లో ఉన్నది ఎర్ర మూత సిరంజి. దాంతో ఆ సీసాలోంచి 10 గీతల వరకు తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 10 యూనిట్లు కాదు, 25 యూనిట్లు. చక్కెర ఒక్కసారిగా పడిపోయి, అమ్మీ నిద్రపోతోందని మనం అనుకుంటున్న సమయంలోనే ఆమె స్పృహ కోల్పోవచ్చు. అదే 40 బలం సీసాలోంచి 100 సిరంజితో 10 అంకె వరకు తీస్తే వెళ్ళేది 4 యూనిట్లే. చక్కెర దిగదు, పుండు మానదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. శిక్షణ పొందిన నర్సు సీసా మీది అంకెను, సిరంజి మీది అంకెను కలిపి చూస్తుంది. తేడా ఉంటే ఆగిపోతుంది. "సౌదీ మందు, చాలా మంచిది, వేసేయమ్మా" అని ఆమెను తొందరపెట్టేది మనమే.

పేర్ల చిక్కు మరొకటి. ఒకే మందు మన దుకాణాల్లో అనేక పేర్లతో అమ్ముడవుతుంది. గ్లైకోమెట్, గ్లైసిఫేజ్ అనే పేర్లు వేరు. రెండింటిలో ఉన్నది మెట్‌ఫార్మిన్ అనే ఒకటే మందు. డాక్టర్లు మందు అసలు పేరును స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలతో రాయాలని 2016లో భారత వైద్య మండలి నిబంధనను సవరించడానికి ఇలాంటి గందరగోళం కూడా ఒక కారణమే. ఆస్పత్రి వారు కొత్త చీటీలో ఒక పేరు రాస్తారు. బీరువాలోని పాత డబ్బాలో మరో పేరు ఉంటుంది. రెండూ వేయడం, అంటే రెట్టింపు మోతాదు ఇవ్వడం, తెలియకుండానే జరిగిపోతుంది. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేయవలసిన మందు. దానిని రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. ముక్కు గొట్టం ఉన్న రోగికి మాత్రలు నూరి వేస్తుంటారు. అయితే పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., సి.ఆర్. అని ఉన్న మాత్రలు రోజంతా నెమ్మదిగా కరిగేలా తయారైనవి. నూరితే ఆ రోజంతటి మందు ఒక్కసారే ఒంటికి పడుతుంది. "నూరకూడదండీ, డాక్టరు గారిని అడిగి వేరే రకం రాయించండి" అని నర్సు అంటే అది ఆమె బద్ధకం కాదు, చదువు.

ఇంటికి వచ్చేవారంతా నర్సులేనా అన్న ప్రశ్న కూడా ఉంది. ఏ.ఎన్.ఎం., జి.ఎన్.ఎం., బి.ఎస్సీ. నర్సింగ్ చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైన వారు వేరు. రోగిని శుభ్రపరచడానికి, పక్క మార్చడానికి, తోడు ఉండటానికి వచ్చే ఆయాలు వేరు. ఇద్దరూ గౌరవనీయులే, ఇద్దరి సేవా అవసరమే. కానీ తెల్ల కోటు తొడిగినంత మాత్రాన ఆయా చేత ఇంజక్షన్ వేయించడం న్యాయం కాదు. ఏజెన్సీ వారిని రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మనం మొహమాటపడకూడదు. డబ్బు కలిసొస్తుందని ఆయాను పెట్టుకుని, నర్సు పని చెప్పి, రేపు ఏదైనా జరిగితే ఆమె మీద నేరం మోపడం అంతకంటే అన్యాయం.

ఇక అసలు విషయానికి వద్దాం. చాలా ఇళ్ళలో నర్సును పనిమనిషిగా చూస్తున్నారు. "ఇరవై ఏళ్ళుగా వేసుకుంటున్న మందే, నువ్వేమిటి చెప్పేది?" అంటారు. డాక్టరుకు ఫోను చేస్తానంటే "ఆయన్ని విసిగించకు" అంటారు. దూరదేశం నుంచి కొడుకు ఫోనులోనే మోతాదు పెంచమంటాడు. కొన్ని ఇళ్ళలో పర్దా పేరుతో బట్టల మీదుగానే ఇంజక్షన్ వేయమంటారు. అడ్డంగా తెర కట్టవచ్చు, ఇంటి ఆడవారొకరు పక్కన నిలబడవచ్చు, అవసరమైనంత మేరకే బట్ట తొలగించవచ్చు. మర్యాద కాపాడటానికి ఇన్ని మార్గాలున్నప్పుడు సూది దిగే చోటు కనబడకుండా చేయడం రోగికి హాని.

యుద్ధ క్షేత్రంలో గాయపడిన వారికి సేవ చేసిన రుఫైదా (రజి) గురించి మన పిల్లలకు గర్వంగా చెప్పుకుంటాం. ఖందక్ యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) ఆమె గుడారానికే పంపించారు. ఆ గుడారం వేసింది సాక్షాత్తూ మస్జిదె నబవిలో. నర్సుకు అంతటి స్థానం ఇచ్చిన చరిత్ర మనది. మన గుమ్మంలోకి వచ్చిన నర్సమ్మ, ఆమె ఏ మతస్థురాలైనా, కనీసం ఒక ప్రశ్న అడగగలిగే గౌరవానికి నోచుకోవద్దా?

పొరపాటు జరిగినప్పుడు మన ప్రవర్తన కూడా మారాలి. "అమ్మా, ఉదయం వేసిన మాత్రే మళ్ళీ వేశాను" అని ఆమె వెంటనే చెబితే డాక్టరుకు ఫోను చేసి రోగిని కాపాడుకోవచ్చు. అలా చెప్పినందుకు కేకలు వేసి, జీతం కోసి, ఆ పూటే పంపేస్తే తర్వాత వచ్చే నర్సు నోరు మెదపదు. దాచిపెట్టిన పొరపాటు అంతకంటే ప్రమాదం. నిర్లక్ష్యాన్ని సహించమని మేము చెప్పడం లేదు. నిజం చెప్పినందుకు శిక్షించవద్దని మాత్రమే కోరుతున్నాం.

రంజాన్ నెలలో ఈ విషయం మరింత ముఖ్యం. భోజనం వేళలు సహరీకి, ఇఫ్తార్‌కు మారిపోతాయి. రోజా ఉంటానని అబ్బా పట్టుబడతారు. ఉదయం వేసే ఇన్సులిన్‌ను ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి? ఇది నర్సు సొంతంగా నిర్ణయించేది కాదు, ఇంటి పెద్ద నిర్ణయించేదీ కాదు. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలిసి కొత్త వేళలు, కొత్త మోతాదులు రాయించుకోవాలి. రోజాలో ఉండగా చక్కెర 70 కంటే తగ్గినా, 300 కంటే పెరిగినా రోజా విరమించాలన్నది వైద్యుల మాట. వేలిమీద రక్తం తీసి పరీక్షిస్తే రోజా భంగం కాదని ధర్మపండితులు వివరించారు. వ్యాధిగ్రస్తులకు దివ్యఖుర్ఆన్ స్వయంగా వెసులుబాటు ఇచ్చింది. ఆ సంగతి గుర్తుచేసే నర్సును ఇబాదత్‌కు అడ్డు వస్తోందని ఆడిపోసుకోవడం తగదు.

మనం చేయవలసింది పెద్దదేమీ కాదు. ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. మందు పేరు, ఎంత, ఏ దారిన, ఏ వేళకు, ఎందుకు అన్నది డాక్టరు చీటీ చూసి రాయించండి. వేసిన ప్రతిసారీ నర్సు వేళ రాసి సంతకం పెట్టాలి. ఆస్పత్రి నుంచి రాగానే పాత డబ్బాలన్నీ ముందుపెట్టి, ఉంచవలసినవేవో ఆపవలసినవేవో డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి తేల్చుకోండి. ఆపినవి ఇంట్లో ఉంచకండి. ఇన్సులిన్ వేసే ముందే రోగి భోజనం సిద్ధంగా ఉండాలి. మందు వేశాక బియ్యం కడగడం కాదు. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే చక్కెర చూడాలి. స్పృహలో ఉంటే గ్లూకోజ్ నీళ్ళు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. వాడిన సూదులకు మళ్ళీ మూత పెట్టకుండా గట్టి డబ్బాలో వేయాలి. డాక్టరు ఫోను నంబరు పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. సందేహం వస్తే మమ్మల్ని అడక్కుండానే ఆ నంబరుకు ఫోను చేయవచ్చని నర్సుకు మొదటి రోజే చెప్పాలి.

తల్లిదండ్రులు మన చేతిలో అమానత్. వారి మందును మరొకరి చేతిలో పెట్టినంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు. ఈరోజు జుమా నుంచి ఇంటికి వెళ్ళాక ఆ నర్సమ్మను కూర్చోబెట్టి "మందుల విషయంలో నీకేమైనా అనుమానం ఉందా తల్లీ?" అని అడగండి. ఆమె చెప్పేది పూర్తిగా వినండి.