మన నుదురు ఆనే గుడ్డ ఎవరి చేతిది?

ఈ రోజుల్లో చిన్న ఊళ్ళలోని మన పిల్లలకు ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతోంది. కాలేజీలోనో, ఉద్యోగం చేసే చోటో, రైలు ప్రయాణంలోనో ఎవరో ఒకరు అడుగుతారు, 'మీరు అసలు ఎక్కడివాళ్ళు?' అని. కొందరు తెలియక అడుగుతారు. కొందరు మనసులో ఏదో పెట్టుకుని అడుగుతారు. జవాబుగా మన పిల్లలు చార్మినార్ పేరు ఎత్తుతారు, తాజ్ మహల్ పేరు ఎత్తుతారు. ఇంకొందరు ఏకంగా అరబ్బు దేశం దాకా వెళతారు. తాము పుట్టిన పెడన పేరో, ఏలూరు పేరో, ఉదయగిరి పేరో చెబితే చాలునని వారికి తోచదు. ఈ లోపం పిల్లలది కాదు. సొంత ఊళ్ళో తమ గుర్తు ఏదో వేలు పెట్టి చూపించేవారు వారికి లేకపోయారు.

గుర్తింపు అంటే జెండాలు, తోరణాలు, నినాదాలు అని చాలామంది భావిస్తున్నారు. అవి పండుగతో వచ్చి పండుగతో పోతాయి. తరతరాలు నిలిచేది చేతిపని. ఒక సమాజం ఒక ఊళ్ళో ఎంతకాలంగా ఉంటున్నదీ, ఇరుగుపొరుగుతో ఎలా కలిసి బతికిందీ, దేన్ని అందం అనుకున్నదీ, దేన్ని కూడదు అనుకున్నదీ ఆ ఊరి పనితనమే చెబుతుంది. ఆ సాక్ష్యాన్ని ఎవరూ కాదనలేరు.

బందరు సంగతే చూద్దాం. మచిలీపట్నాన్ని కృష్ణా జిల్లా ప్రజలంతా, ఏ మతం వారైనా, బందరు అనే పిలుస్తారు. 'బందర్' అంటే ఫార్సీలో ఓడరేవు. గోల్కొండ కుతుబ్ షాహీ సుల్తానులకు ప్రధాన రేవు అదే. ఇంగ్లీషు వారి ఓడ 1611లో ఆ రేవుకు వచ్చేనాటికే ఇరాన్ వ్యాపారులు అక్కడ స్థిరపడి ఉన్నారు. ఆ రేవు నుంచి ఓడలకెత్తిన సరుకుల్లో ముఖ్యమైనది అద్దకం గుడ్డ. దానికి వచ్చిన పేరు 'కలంకారీ'. కలం, కారీ రెండూ ఫార్సీ మాటలే. కలంతో చేసే పని అని అర్థం. ఊరి పేరూ, ఊరి కళ పేరూ ఇలా తెలుగువారి నోట నాలుగు వందల ఏళ్ళుగా నలుగుతుంటే, 'మీరు ఎక్కడివాళ్ళు' అన్న ప్రశ్నకు మన పిల్లవాడు తడుముకోవలసిన అవసరం ఏముంది?

తెలుగునాట కలంకారీకి రెండు శాఖలున్న సంగతి తెలిసిందే. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. అక్కడ రామాయణ, భారత గాథలు గుడ్డ మీదికి ఎక్కాయి. ఆలయాలు ఆ కళను పోషించాయి. మచిలీపట్నం, పెడనలలో ముఖ్యంగా చెక్క అచ్చులతో అద్దుతారు. అక్కడ పూలు, తీగలు, సరుగుడులా నిటారుగా నిలిచే సర్వ్ వృక్షం, మామిడి పిందె, మెహ్రాబ్ కమాను కనిపిస్తాయి. ఇరాన్ వారి అభిరుచికి తగినట్టు ఈ శాఖ పెరిగింది. ప్రాణుల బొమ్మల పట్ల మన ధర్మం చూపే జాగ్రత్తకు కూడా ఈ పూలూ తీగలూ అనువుగా కుదిరాయి. ఒకే తెలుగు నేల మీద, ఒకే పత్తి గుడ్డ మీద, రెండు విశ్వాసాలు తమ తమ మర్యాదలను కాపాడుకుంటూ అందాన్ని పండించాయి. ఇంతకన్నా చక్కటి ఇరుగుపొరుగు ఎక్కడుంటుంది?

ఆ గుడ్డ తయారీ అంతా ఈ నేల సరుకే. ముతక గుడ్డను ఉతికి, కరక్కాయ రసం కలిపిన పాలలో ముంచి ఎండబెడతారు. ఇనుప తుక్కును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడితే నలుపు వస్తుంది. పటిక అద్దిన చోట ఎరుపు పట్టుకుంటుంది. ఆ ఎరుపు కోసం పూర్వం చిరివేరు వాడేవారు. నీలిమందుతో నీలం, దానిమ్మ తొక్కతో పసుపు. అద్దిన గుడ్డను పారే నీటిలో జాడించాలి. మళ్ళీ ఉడకబెట్టాలి, మళ్ళీ ఎండబెట్టాలి. అచ్చు చెక్కేవారు ఒకరు, గుడ్డ నేసేవారు ఒకరు, అద్దేవారు ఒకరు, ఉతికేవారు ఒకరు. వీరిలో ముస్లింలు ఉన్నారు, ఇతర కులాలవారూ ఉన్నారు. కనుక ఇది మనది అన్నప్పుడు మన ఒక్కరిదే అని అర్థం కాదు. మనకూ ఇందులో చేయి ఉంది, పాలు ఉంది అని మాత్రమే. ఊరిలో మన స్థానం కూడా సరిగ్గా అలాంటిదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బందరు రేవు నుంచి ఇరాన్‌కు వెళ్ళిన కలంకారీలలో మెహ్రాబ్ కమాను అద్దిన నమాజు గుడ్డలు కూడా ఉండేవి. అంటే మన తెలుగు తీరపు పనివాడు అద్దిన గుడ్డ మీద ఇరాన్‌లో సజ్దాలు జరిగాయి. కోరమాండల్ తీరపు కలంకారీలు నేడు లండన్ లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనుక భద్రంగా ఉన్నాయి. మరి మన ఇళ్ళలో? మన మసీదులలో? గూట్లోంచి జానిమాజ్ తీసి వెనక్కి తిప్పి చూడండి. యంత్రం మీద నేసిన దారం, పరాయి దేశపు ముద్ర కనిపిస్తాయి. ప్రపంచానికి నమాజు గుడ్డ పంపిన జిల్లాలోనే నమాజు గుడ్డ దిగుమతి సరుకైపోవడం విచారకరం కాదా?

ఒక్క బందరే కాదు. ఏలూరు తివాచీలను తీసుకోండి. ఫార్సీ దేశం నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం నేతగాళ్ళు ఆ పనిని అక్కడ నాటారని చెబుతారు. ఉన్ని ముడులు వేసి తివాచీ నేయడం అక్కడ తరాల విద్య. వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వెళ్ళాయి. అక్కడి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కొండ అడవి కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కి, పిడుల మీద లతలు తీర్చే పని ఎక్కువగా ముస్లిం కుటుంబాల చేతుల్లో ఉంది. అందులోనూ ఆడవారి పాలు పెద్దది. పరదా పాటిస్తూ, ఇంటిపట్టున ఉండి, హలాలు రొట్టె సంపాదించుకుంటున్న ఆ తల్లుల, చెల్లెళ్ళ పనితనానికి కూడా భౌగోళిక గుర్తింపు దక్కింది. ప్రభుత్వం గుర్తించింది, పట్నాల ప్రదర్శనశాలలు గుర్తించాయి. ఇరుగింటి వారం మనం గుర్తించడమే మిగిలింది.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. నమాజులో మనసు అల్లాహ్ మీద నిలవాలి, నగిషీల మీద కాదు గదా అని. ఇది చాలా విలువైన అభ్యంతరం. గీతల పనితనం ఉన్న దుప్పటి కప్పుకుని నమాజు చేసిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ గీతలు తన దృష్టిని మళ్ళించాయని, దాన్ని ఇచ్చిన అబూ జహమ్ (రజి) గారికే తిరిగి పంపించి, బదులుగా సాదా దుప్పటి తెప్పించుకున్నారని హదీసులలో ఉంది. కాబట్టి జానిమాజ్ మీద పని సాదాగా ఉండాలి, కళ్ళను లాగకూడదు. ఇందులో మాకు రెండో మాట లేదు. కానీ ఈ కొలబద్దను అన్నిటికీ ఒకేలా పెట్టాలి. మెరిసే దారంతో, కాబా, మదీనా గుంబజుల బొమ్మలతో, పది రంగులతో వచ్చే యంత్రపు జానిమాజ్‌ను ప్రశ్నించకుండా పరిచి, కరక్కాయ రంగు గుడ్డ మీద ఒక్క మెహ్రాబ్ గీతను మాత్రం ప్రశ్నిస్తామా? కుదురైన రంగులతో, ఒకే కమానుతో అద్దమని కోరితే పెడన పనివాడు అలాగే అద్ది ఇస్తాడు. యంత్రం మన మాట వినదు. మనిషి వింటాడు.

ఇంకొక విషయం కూడా గమనించాలి. ప్రవక్త (స) దేని మీద నమాజు చేశారు? ఖుమ్రా మీద చేశారని హదీసులు చెబుతున్నాయి. ఖుమ్రా అంటే ఖర్జూరపు ఆకుతో అల్లిన చిన్న చాప. హజ్రత్ అనస్ (రజి) ఇంట భోజనానికి వెళ్ళినప్పుడు, ఎంతో కాలం వాడి నల్లబడిన చాప మీద నీళ్ళు చిలకరిస్తే దాని మీదే నిలబడి నమాజు చేయించారు. మదీనాలో ఖర్జూరం పండుతుంది, మదీనా చాప ఖర్జూరపు ఆకుది. ఏ నేల మీద ఉంటే ఆ నేల ఇచ్చిన దాని మీద, అక్కడి చేతులు అల్లిన దాని మీద సజ్దా చేయడంలో ఎంత నిరాడంబరత ఉందో చూడండి. మన నేల ఈతాకు ఇస్తుంది, తుంగ ఇస్తుంది, పత్తి ఇస్తుంది, ఉన్ని ఇస్తుంది. వాటిని అల్లే, నేసే, అద్దే చేతులు కూడా మన ఊళ్ళలోనే ఉన్నాయి.

చేతిపనిని చిన్నచూపు చూడడం మన దీన్ నేర్పిన గుణం కాదు. తన చేతి కష్టంతో తిన్న తిండికి మించిన తిండి లేదని, హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) చేతి సంపాదనతోనే తినేవారని ప్రవక్త (స) బోధించారు. అయినా నేడు సంబంధాలు చూసేటప్పుడు 'అబ్బాయి అద్దకం పని చేస్తాడు' అంటే ఆడపిల్ల తండ్రి మొహం చిట్లిస్తున్నాడు. అదే అబ్బాయి గల్ఫ్ వెళ్ళి ఏ పని చేస్తున్నా సరే, వెంటనే ఒప్పుకుంటున్నాడు. పనివాడి కొడుకు పని వదిలేయడానికి కూలి తక్కువ కావడం ఒక కారణం అయితే, గౌరవం తక్కువ కావడం రెండో కారణం. మొదటి దానికి ప్రభుత్వాన్ని అడగాలి. రెండోది మన చేతిలోనే ఉంది.

ఇక ఏం చేయాలి? పెద్ద పెద్ద పథకాలు అక్కర్లేదు. మసీదు కమిటీలు గ్రానైటు రాళ్ళకు, ఏసీ యంత్రాలకు లక్షలు ఖర్చు పెడుతున్నాయి. ముతవల్లి సాహెబులు, కమిటీ పెద్దలు ప్రతి ఏడాది రంజాన్‌కు ముందు కొనే జానిమాజ్‌లలో కనీసం ఒక వరుసకు సరిపడా చేతిపని గుడ్డలు, జంపఖానాలు కొనాలి. ముందుగా చెప్పి, అడ్వాన్సు ఇచ్చి చేయించాలి. పనివాడికి పని లేని నెలల్లో ఆ అడ్వాన్సు సదఖా కంటే మర్యాదగా ఆదుకుంటుంది. నికాహ్‌లలో వధువుకు పెట్టే దుపట్టా, విందులో పరిచే దస్తర్‌ఖాన్ మన జిల్లా అద్దకంతో చేయించవచ్చు. అత్తవారింటికి వెళ్ళే ఆడపిల్ల సామానులో అరడజను ఉదయగిరి గరిటెలు పెడితే స్టీలు సామాను అలగదు.

కొనేటప్పుడు కొంత ఎరుక అవసరం. కలంకారీ పేరుతో యంత్రపు ముద్రలు బజారునిండా అమ్ముతున్నారు. గుడ్డను తిరగేసి చూడండి. అచ్చుతో అద్దిన రంగు గుడ్డలోకి ఇంకి ఉంటుంది. అచ్చుకూ అచ్చుకూ నడుమ అతుకు వెంట్రుకవాసి తేడాగా కనిపిస్తుంది. ఆ తేడా దోషం కాదు. మనిషి చేయి ఆనిన గుర్తు. అసలు సరుకు దొరికినప్పుడు గీచి గీచి బేరమాడవద్దు. యంత్రపు ధరను చూపించి చేతిపని ధరను కోయడం అంటే పనివాడి మజూరీని కోయడమే.

మదర్సాలకు కూడా ఇందులో బాధ్యత ఉంది. మేము పిల్లలకు ఖత్ నేర్పేటప్పుడు రెల్లు కలం చెక్కడంతో మొదలుపెడతాము. మొట్టమొదటి వహీలోనే కలం ప్రస్తావన ఉందని చెబుతాము. అదే కలం పేరు ఒక తెలుగు ఊరి వృత్తికి పేరయిందని, అది ఫలానా వీధిలో ఇప్పటికీ బతికి ఉందని కూడా చెప్పవచ్చు. నెలకొకసారి పిల్లలను ఆ వీధికి తీసుకువెళ్ళవచ్చు. మదర్సా గోడ మీద ఆయతు చక్కటి ఖత్‌లోనూ, దాని అర్థం అంతే చక్కటి తెలుగు అక్షరాలలోనూ ఊరి చేతులతోనే రాయించవచ్చు. ఉర్దూ చదవలేని మన పిల్లలు కోస్తా జిల్లాల్లో ఎందరో ఉన్నారు. పొరుగువారు కూడా ఆ గోడను చదువుతారు. చదివినవాడికి అనుమానం తగ్గుతుంది.

పనివాళ్ళలో వృద్ధులు ఒక్కొక్కరే ఈ లోకం విడిచి వెళుతున్నారు. వారితోపాటు రంగుల పాళ్ళు, అచ్చుల పేర్లు, నేత లెక్కలు మట్టిలో కలిసిపోతున్నాయి. చదువుకున్న యువకులు ఒక నోటుపుస్తకం తీసుకుని వారి పక్కన కూర్చోవాలి. చేతిలో ఫోను ఎలాగూ ఉంది, పనిచేసే చేతులను చిత్రీకరించి దాచాలి. మన ఊళ్ళో మన చరిత్రను రాయడానికి ఇంకెవరో వస్తారని ఎదురుచూడవలసిన పని లేదు.

సోదర సోదరీమణులారా! ఇది పాతకాలపు మోజు అని కొట్టివేయవద్దు. 1864లో ఉప్పెన ముప్పై వేల ప్రాణాలను పొట్టన పెట్టుకుని బందరును ఊడ్చివేసినా అద్దకం చావలేదు. బతికిన చేతులు మళ్ళీ అచ్చు పట్టాయి. ఉప్పెన చంపలేని దాన్ని మన ఉదాసీనత చంపకూడదు. తన ఊరి చేతిపని తెలిసిన పిల్లవాడు 'మీరు ఎక్కడివాళ్ళు' అన్న ప్రశ్నకు కోపగించుకోడు, తల దించుకోడు. ఫలానా ఊరివాణ్ణి, మా ఊరి పని ఇది అని చెబుతాడు. చేతి కష్టంలో బర్కత్‌ను, పొరుగువారితో ప్రేమను, ఇబాదత్‌లో ఏకాగ్రతను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.