అద్దె ఇంటికీ ఎండలో వాటా: కాట్‌బస్ తెలుగువారి సర్వసభ్య సమావేశం తీర్మానం

జర్మనీలోని కాట్‌బస్‌లో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటున్న తెలుగువారం సమావేశమై, ఇంటి కరెంటు భవిష్యత్తు మీద చర్చించి, సభ్యులు తెచ్చిన ఒక సవరణతో కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించాం.

ముందుగా మేముంటున్న నేల సంగతి. కాట్‌బస్ ఉన్న లౌజిట్స్ ప్రాంతం తూర్పు జర్మనీ కాలం నుంచీ ఈ దేశానికి కరెంటు పంపిన నేల. నగరానికి ఈశాన్యాన ఉన్న యేన్ష్‌వాల్డె థర్మల్ కేంద్రాన్ని 500 మెగావాట్ల యూనిట్లు ఆరింటితో, మొత్తం 3,000 మెగావాట్ల సామర్థ్యంతో కట్టారు. రామగుండం ఎన్టీపీసీ పాత కేంద్రం 2,600 మెగావాట్లని గుర్తుచేసుకుంటే దాని పరిమాణం మనవారికి తెలుస్తుంది. ఇలాంటి కేంద్రాలకు లిగ్నైట్ అందించడం కోసం లౌజిట్స్‌లో నూటముప్పైకి పైగా ఊళ్లు, కొన్ని పూర్తిగా, కొన్ని సగం సగం, ఓపెన్‌కాస్ట్ గనుల్లో కలిసిపోయాయి. వాటిలో చాలా వరకు ఇక్కడి అల్పసంఖ్యాకులైన సోర్బు జాతివారి ఊళ్లు. కాట్‌బస్ వీధుల పేర్లు ఇప్పటికీ జర్మన్‌లోనూ వారి భాషలోనూ రాసి ఉంటాయి. హోర్నో గ్రామస్తులు తమ ఊరి కోసం ఏళ్ల తరబడి కొట్లాడి, చివరికి యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లారు. 2000లో అక్కడా వారి మాట చెల్లలేదు. ఊరంతా ఫోర్స్ట్ పట్టణానికి తరలిపోయింది. అక్కడి కొత్త హోర్నోలో, గనుల పాలైన ఊళ్ల జ్ఞాపకాలను భద్రపరిచిన కేంద్రం ఉంది. ఆ పల్లెల పేర్లు తెలియకుండా ఇక్కడ స్విచ్చి వేసే హక్కు మనకు లేదని ఈ సభ భావిస్తోంది. కొత్తగా వచ్చే ప్రతి సభ్యుడినీ ఆ కేంద్రానికి తీసుకెళ్లాలని నిర్ణయిస్తోంది.

ఇప్పుడా బొగ్గు కాలం ముగుస్తోంది. 2020లో చేసిన చట్టం ప్రకారం జర్మనీలో బొగ్గు కరెంటు 2038లోపు ఆగిపోవాలి. యేన్ష్‌వాల్డె గడువు 2028. నగరాన్ని ఆనుకొని ఉన్న కాట్‌బస్ నార్డ్ గనిలో 2015లోనే తవ్వకం ఆపారు. 2019 ఏప్రిల్‌లో ఆ గోతిలోకి స్ప్రే నది నీళ్లు వదలడం మొదలుపెట్టారు. అలా ఏర్పడే సుమారు 1,900 హెక్టార్ల సరస్సులో ఒక శాతం లోపు నీటి మీద 29 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రాన్ని తలపెట్టారు. బొగ్గు తర్వాతి కాలం కోసం ఒక ప్రణాళిక వేసి, గని ప్రాంతాలన్నిటికీ కలిపి 4,000 కోట్ల యూరోల దాకా కేటాయించారు. 2024 జనవరిలో ఇక్కడ మొదలైన కొత్త రైల్వే వర్క్‌షాపు ఆ ప్రణాళికలో భాగమే. ఈ మార్పును ఈ సభ మనస్ఫూర్తిగా స్వాగతిస్తోంది. బొగ్గు ఆపాలా వద్దా అన్న చర్చ మాకు లేదు, ఆపాలి. ఆపాక వచ్చే కరెంటులో ఎవరికెంత దక్కుతుందన్నదే మా ప్రశ్న.

ఎందుకంటే మాలో అత్యధికులకు సొంత పైకప్పు లేదు. ఇంటి మీద సోలార్ పెట్టుకునేవారికి జర్మనీ చేయగలిగినంత చేసింది. 2023 జనవరి నుంచి ఇళ్ల మీది సోలార్‌కు అమ్మకం పన్నే లేదు. అద్దెకుండేవారు మాత్రం యూనిట్‌కు 40 సెంట్లకు అటూఇటూగా కడుతున్నారు. మన లెక్కలో 35 రూపాయల పైమాటే. ఉపకారవేతనం మీదా, వారాంతపు కొలువుల మీదా బతికే విద్యార్థికి ఇది మోయరాని బరువు.

దానికి తోడు తెలియనితనం. అద్దె ఇంట్లో దిగి లైటు వేసిన క్షణం నుంచీ, ఎక్కడా సంతకం పెట్టకపోయినా, ఆ ప్రాంతపు ప్రాథమిక సరఫరాదారుతో ఒప్పందం కుదిరినట్టే చట్టం లెక్కగడుతుంది. ఆ ధర మామూలుగా ఎక్కువే ఉంటుంది. రెండు వారాల నోటీసుతో అందులోంచి బయటపడవచ్చన్న సంగతి కొత్తవారికి చెప్పేవారు లేరు. అద్దెలో నీళ్లు, హీటింగు కలిసినా కరెంటు సాధారణంగా కలవదు. నెలనెలా కట్టేది అంచనా సొమ్ము. అసలు లెక్క ఏడాదికోసారి తేలుతుంది, అప్పుడు ఒకేసారి వందల యూరోల బాకీ చీటీ చేతికొస్తుంది. పాత భవనాల్లో మీటర్లన్నీ కింద సెల్లారులో వరసగా ఉంటాయి. ఒక్కోదాని మీద అంటించిన చీటీలో ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లినవారి పేరు కనిపిస్తుంది. పక్కింటి మీటరు లెక్క కట్టిన సభ్యులు మాలో ఉన్నారు.

కాబట్టి, ఇల్లు మారిన రోజునే మీటరు నంబరూ రీడింగూ కనిపించేలా ఫోటో తీసి ఇంటి యజమానికీ, కరెంటు కంపెనీకీ పంపడం, రెండు మూడు వారాల్లో సరైన ధరకు మారడం అనే ఈ రెండు పనుల్లో ప్రతి కొత్త సభ్యుడికీ ఒక పాత సభ్యుడు తోడుండాలని ఈ సభ తీర్మానిస్తోంది. భాష రాక మోసపోయే పరిస్థితి ఇక మనవారిలో ఎవరికీ రాకూడదు.

బాల్కనీ సోలార్, అంటే బాల్కనీ రెయిలింగుకు బిగించుకునే సోలార్ పలకల విషయంలో ఈ సభ మరికొంత గట్టిగా మాట్లాడదలచింది. 2024 మేలో వచ్చిన చట్టంతో 800 వాట్ల ఇన్వర్టర్ దాకా, 2,000 వాట్ల పలకల దాకా అద్దెదారు కూడా పెట్టుకోవచ్చు. ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేస్తే చాలు. చక్రం తిరిగే పాత మీటరైతే, కొత్తది బిగించేదాకా అది వెనక్కి తిరిగినా తప్పు పట్టరు. అదే ఏడాది అక్టోబరులో అద్దె చట్టాన్ని సవరించి, తగిన కారణం లేకుండా యజమాని కాదనకూడదన్నారు. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా మా సభ్యులు రాసిన ఉత్తరాలకు నెలల తరబడి జవాబు రావడం లేదు. రెయిలింగు బలం, మంటల భయం, భవనం అందం అంటూ రోజుకో మాట చెబుతున్నారు. రెయిలింగు బలం నిజంగా చూడవలసిన విషయమే. అందుకే ఇళ్ల యజమానులు, గృహ నిర్మాణ సంస్థలు తమ భవనాల్లో ఏ బాల్కనీకి ఏ రకం బిగింపు సరిపోతుందో ఒక్కసారి పరీక్ష చేయించి అందరికీ ప్రకటించాలని ఈ సభ కోరుతోంది. అద్దెదారు అడిగిన ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టే పద్ధతి మానాలి.

అలాగని ఎవరికీ లేనిపోని ఆశలు పెట్టం. నీడ పడని దక్షిణపు బాల్కనీలో 800 వాట్ల పలకల నుంచి ఏడాదికి 500 నుంచి 800 యూనిట్లు రావచ్చు. డిసెంబరులో కాట్‌బస్‌లో పొద్దు ఎనిమిది దాటాక పొడిచి నాలుగు కాకముందే వాలిపోతుంది, ఆ నెల రాబడి నామమాత్రమే. మనం తరగతుల్లో ఉన్న మధ్యాహ్నం పుట్టి, వాడుకోకుండా లైనులోకి పోయే కరెంటుకు పైసా రాదు. అందుచేత సభ్యుల చందాతో ఒక సెట్టు కొని, అనుమతి దొరికిన ఒక బాల్కనీలో ఏడాది నడిపి, నెలవారీ రాబడినీ, అందులో ఇంట్లో వాడుకున్న భాగాన్నీ అందరి ముందూ పెట్టాలని తీర్మానిస్తున్నాం. బ్రాండెన్‌బర్గ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పవర్ ఇంజినీరింగ్ చదువుతున్న సభ్యులు ఈ లెక్క చూస్తారు. భవనం వైరింగును మాత్రం ఎవరూ ముట్టుకోరాదు.

బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రంలో 2019లో చేసిన చట్టం, కొత్త గాలిమర ఒక్కొక్కటి చుట్టుపక్కల గ్రామాలకు ఏడాదికి 10,000 యూరోలు చెల్లించాలని నిర్దేశించింది. ఈ సూత్రం మాకు ఎంతో నచ్చింది. కరెంటు ఎక్కడ పుడుతుందో అక్కడివారికి దానిలో హక్కుంటుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. పునరుత్పాదక విద్యుత్తు వల్ల కాట్‌బస్ నగరానికి వచ్చే రాబడిలో కొంత, అద్దె ఇళ్ల బాల్కనీ సోలార్‌కూ, ఒకే భవనంలోని అద్దెదారులందరూ పైకప్పు కరెంటును పంచుకునే ఏర్పాట్లకూ కేటాయించాలని నగర పాలక మండలికి ఈ సభ విన్నవిస్తోంది.

ఇక సొంత గడ్డ సంగతి. కరెంటు ధర అంటే ఏమిటో తెలుగువారికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఛార్జీల పెంపును ఎదిరించిన జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఈనాడు తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. దేశమంతటా సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ఇంటి సోలార్‌కు 78,000 రూపాయల రాయితీ వస్తుంది. మంచి పథకాలే. కానీ సూర్యఘర్ కావాలంటే కప్పు ఉండాలి. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో అద్దె వాటాల్లో ఉండే లక్షల కుటుంబాలకు అది అందని పండే. ఎక్కడో ఒకచోట ఉమ్మడిగా పలకలు పెట్టి, ఆ యూనిట్లను అద్దెదారు బిల్లులో తగ్గించే ఏర్పాటును రెండు రాష్ట్రాల డిస్కంలూ విరివిగా అమలు చేయాలనీ, ఇల్లు మారినా ఆ వాటా అద్దెదారుతోనే వెళ్లాలనీ ఈ సభ డిమాండ్ చేస్తోంది.

గోదావరిఖని, కొత్తగూడెం ప్రాంతాల సభ్యులు తెచ్చిన సవరణను యథాతథంగా ఇక్కడ చేరుస్తున్నాం: “రామగుండం రిజర్వాయరు మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ 2022 జూలై నుంచి పూర్తిగా నడుస్తోంది. దాని ఒడ్డునే బొగ్గుబాయి కార్మికులున్నారు, ఓపెన్‌కాస్టుల్లో భూమి పోయిన ఊళ్లున్నాయి. బొగ్గు తగ్గే రోజు సింగరేణికీ వస్తుంది. ఏ గని ఎప్పుడు మూస్తారో, కార్మికులకు, ముఖ్యంగా కాంట్రాక్టు కార్మికులకు, ఏ పని చూపుతారో జర్మనీలో లాగా ముందే చట్టం చేసి చెప్పాలి. గని నేలల్లో పుట్టే సౌర విద్యుత్తులో నిర్వాసిత గ్రామాలకు వాటా రాసివ్వాలి.”

ఈ తీర్మానం ప్రతులను జర్మన్ అనువాదంతో కాట్‌బస్ నగర పాలక మండలికీ, సభ్యులు అద్దెకుంటున్న భవనాల యజమానులకూ, తెలుగు ప్రతిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంధన శాఖలకూ, సింగరేణి కార్మిక సంఘాలకూ పంపే బాధ్యతను కార్యవర్గానికి అప్పగిస్తున్నాం. వచ్చిన జవాబులనూ, జవాబు రాని ఉత్తరాల జాబితానూ వచ్చే సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి.