పాలకులకు ప్రియమైన పదమూడవ అధ్యాయం

1892 సెప్టెంబరులో లియో టాల్‌స్టాయ్ కరువు ప్రాంతాలకు రైలులో వెళుతున్నాడు. ఆకలితో ఉన్న రైతులకు అన్నం పెట్టే ఏర్పాట్లు చూడడం అతని పని. దారిలో ఒక స్టేషనులో మరొక ప్రత్యేక రైలు కనిపించింది. అందులో తులా ప్రాంతపు గవర్నరు, తుపాకులు పట్టిన సైనికులు, వారితోపాటు బెత్తాల కట్టలు ఉన్నాయి. ఒక అడవి విషయమై జమీందారుకూ గ్రామస్థులకూ తగాదా వచ్చింది. గ్రామస్థులు ఎదురు తిరిగారు. వారిని కొట్టి లొంగదీయడానికి ఆ రైలు బయలుదేరింది. గవర్నరూ క్రైస్తవుడే, సైనికులూ క్రైస్తవులే, దెబ్బలు తినబోయే రైతులూ క్రైస్తవులే.

'ద కింగ్‌డమ్ ఆఫ్ గాడ్ ఈజ్ వితిన్ యూ' అనే పేరుతో ఇంగ్లీషు పాఠకులకు తెలిసిన టాల్‌స్టాయ్ గ్రంథంలో చివరి అధ్యాయానికి ఈ దృశ్యమే ఆధారం. రష్యా సెన్సారు ఈ పుస్తకాన్ని నిషేధించింది. 1894లో అది జర్మనీలో వెలువడింది. కాన్‌స్టన్స్ గార్నెట్ ఇంగ్లీషు అనువాదమూ ఆ ఏడాదే వచ్చింది. దీన్ని అహింసావాది రాసిన ఉపదేశ గ్రంథంగా భావించి అలమరలో పెట్టేయడం సాహిత్యలోకానికి అలవాటు. నిజానికి ఇది ఒక అభియోగపత్రం. సామ్రాజ్యం చేతిలో మరణశిక్ష పొందిన ఒక మనిషి బోధ, సామ్రాజ్యాలకు అధికార మతం ఎట్లా అయిందన్నదే అందులోని ప్రధాన అభియోగం. నూట ముప్పై ఏళ్లు గడిచినా ముద్దాయిలు బోనులోనే ఉన్నారు. పేర్లు మాత్రమే మారాయి.

2022 సెప్టెంబరులో, ఉక్రెయిన్ యుద్ధానికి రష్యా సైనిక సమీకరణ ప్రకటించిన కొద్దిరోజులకే, మాస్కో పాట్రియార్క్ కిరిల్ ఒక ప్రసంగం చేశాడు. సైనిక విధి నిర్వహణలో మరణించినవారి పాపాలన్నీ ఆ త్యాగంతో కడిగివేయబడతాయని అందులో చెప్పాడు. 1901లో టాల్‌స్టాయ్‌ను వెలివేసిన చర్చి ఇదే. శత్రువును ప్రేమించమన్న మాటను అక్షరాలా నమ్మినవాడు ఆ చర్చికి పనికిరాలేదు. పొరుగుదేశం మీదికి దండెత్తి చచ్చినవాడు మాత్రం పాపవిముక్తుడయ్యాడు.

ఇది రష్యాకే పట్టిన తెగులు అనుకోవడానికి వీలు లేదు. 2018 జూన్ 14న అమెరికా అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో మాట్లాడాడు. సరిహద్దు దాటి వచ్చినవారి నుంచి వారి పిల్లలను వేరు చేస్తున్న రోజులవి. చట్టానికి లోబడాలన్న తన వాదానికి ఆయన పౌలు రోమీయులకు రాసిన పత్రికలోని 13వ అధ్యాయాన్ని సాక్ష్యంగా తెచ్చాడు. పైఅధికారులు దేవుని నియామకం వల్ల ఉన్నవారనీ, వారికి లోబడి ఉండాలనీ చెప్పే భాగం అది. ఆ అధ్యాయానికి ఇటువంటి కొలువు కొత్త కాదు. పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించాలన్న 1850 నాటి అమెరికా చట్టాన్ని సమర్థించిన బోధకులు దాన్నే చదివారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వమూ దాన్నే ఆశ్రయించింది. 1985లో అక్కడి క్రైస్తవ వేదాంతులు వెలువరించిన 'కైరోస్ పత్రం' ఈ పఠనాన్ని 'రాజ్య వేదాంతం' అని పేరుపెట్టి ఖండించింది.

పాలకులు ఇంతగా ప్రేమించే ఈ 13వ అధ్యాయాన్ని పౌలు ఆ రూపంలో రాయనే లేదు. అతను రాసింది ఒక ఉత్తరం. దానికి అధ్యాయాలు లేవు, అంకెలు లేవు. నేడు వాడుకలో ఉన్న అధ్యాయ విభజన 13వ శతాబ్దంలో జరిగింది. ఆ గీత చెరిపి చదివితే, అధికారులకు లోబడమన్న మాటకు కాస్త ముందే పగ తీర్చుకోవద్దనీ, శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టమనీ ఉంది. కాస్త తరువాత ప్రేమ పొరుగువానికి కీడు చేయదని ఉంది. రెండు రొట్టెముక్కలనూ పారేసి నడుమనున్న ఉప్పుగల్లును మాత్రమే జనం నోట్లో పెట్టడం ఏ వ్యాఖ్యాన సంప్రదాయం? పైగా ఆ ఉత్తరం నీరో చక్రవర్తి కాలంలో, రోములో ఏ పలుకుబడీ లేని చిన్న సమూహానికి రాసినది. ఆ నీరో ఏలుబడిలోనే పౌలు శిరచ్ఛేదానికి గురయ్యాడని చర్చి సంప్రదాయం చెబుతుంది. అపొస్తలుల కార్యములలో పేతురు న్యాయసభ ఎదుట నిలిచి, మనుషుల ఆజ్ఞకన్న దేవుని ఆజ్ఞ పెద్దదన్నాడు. ప్రకటన గ్రంథంలోని 13వ అధ్యాయం సామ్రాజ్యాన్ని సముద్రంలోంచి లేచిన క్రూరమృగంగా చిత్రించింది. ఆ 13వ అధ్యాయం ఏ మంత్రి ప్రసంగంలోనూ వినిపించదు.

ఆదిమ క్రైస్తవులు ఈ బోధను ఎట్లా అర్థం చేసుకున్నారో చరిత్రలో ఆధారాలున్నాయి. పేతురు చేతి కత్తిని దించడం ద్వారా క్రీస్తు ప్రతి సైనికుని ఆయుధాన్నీ దించేశాడని టెర్టూలియన్ వాదించాడు. క్రైస్తవులు చక్రవర్తి కోసం ప్రార్థిస్తారే కాని అతని పక్షాన యుద్ధం చేయరని ఆరిజెన్ రాశాడు. 295లో ఉత్తరాఫ్రికాలో మాక్సిమిలియన్ అనే యువకుడు సైన్యంలో చేరనని మరణశిక్షను ఎంచుకున్నాడు. అందరూ అట్లా ఉన్నారనడం అతిశయోక్తి. శిబిరాలలోనూ క్రైస్తవులు ఉన్నారని అదే టెర్టూలియన్ మరొకచోట చెప్పాడు. కాని తమ కత్తికి పవిత్రతను ఆపాదించే సిద్ధాంతం వారి దగ్గర లేదు. ఉన్నదల్లా వేరే రకం బలం. మూడవ శతాబ్దం మధ్యలో కార్తేజ్ నగరాన్ని మహమ్మారి చుట్టుముట్టినప్పుడు, తమను హింసించినవారికి కూడా సేవ చేయాలని సిప్రియన్ తన సంఘాన్ని కోరాడు.

అన్నిటికన్న విలువైనది శత్రువు సాక్ష్యం. క్రైస్తవాన్ని తొలగించి పాత దేవతలను నిలబెట్టాలని చూసిన జూలియన్ చక్రవర్తి 362 ప్రాంతంలో తన పూజారికి రాసిన ఉత్తరంలో వాపోయాడు. ఈ గలిలయవాళ్లు తమ పేదలనే కాక మన పేదలనూ పోషిస్తున్నారు, మనవారికి మన సాయం అందకపోవడం మనకు సిగ్గుచేటు అన్నది ఆయన బాధ. ఒక మతం గురించి ప్రత్యర్థి రాజు ఇటువంటి ఫిర్యాదు చేయడం కన్న గొప్ప యోగ్యతాపత్రం ఉంటుందా? పరదేశి అన్నం తినేస్తున్నాడన్న ఫిర్యాదే నేటి క్రైస్తవ రాజకీయాలలో వినిపిస్తుంది. జూలియన్ ఫిర్యాదు తలకిందులైంది.

ఈ తలకిందులు కావడానికి ఒక ఆరంభం ఉంది. 312లో కాన్‌స్టంటైన్ క్రీస్తు చిహ్నంతో యుద్ధం గెలిచాడు. 313లో క్రైస్తవులకు హింస నుంచి విముక్తి దొరికింది. 380లో థియోడోసియస్ ఏలుబడిలో క్రైస్తవం సామ్రాజ్యపు అధికార మతమైంది. సుమారు 385లో ట్రియర్ నగరంలో ప్రిసిలియన్ అనే బిషప్‌కు క్రైస్తవ చక్రవర్తి మరణశిక్ష వేయించాడు. పైకి మోపిన నేరం మంత్రవిద్య, మూలం మతవివాదం. అతనిపై వెంటపడి ఫిర్యాదు చేసినవారూ బిషప్‌లే. వద్దని ప్రాధేయపడిన టూర్స్ మార్టిన్ మాట చెల్లలేదు. హింస తప్పిన రోజు నుంచి హింసించే రోజుకు చేరడానికి ఒక మనిషి జీవితకాలం సరిపోయింది.

టాల్‌స్టాయ్ వాదానికి ఒక బలహీనత ఉంది. దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. తన చెంప తాను రెండవసారి చూపడం ఒకటి, పక్కింటి పసిబిడ్డ చెంప చూపడం మరొకటి. నిస్సహాయుణ్ణి కాపాడడానికి బలప్రయోగం తప్పనిసరి అయినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న అగస్టీన్‌ను వేధించినంతగా టాల్‌స్టాయ్‌ను వేధించలేదు. రాజ్యమనే వ్యవస్థనే ఆయన మొత్తంగా తోసిపుచ్చాడు. రాజ్యం లేనిచోట కూడా బలహీనుడు సురక్షితంగా లేడన్నది చరిత్ర పాఠం.

కాని కత్తి అవసరమని ఒప్పుకున్నంత మాత్రాన కత్తిపిడి మీద సిలువ చెక్కే హక్కు సిద్ధించదు. న్యాయం తీసేస్తే రాజ్యాలు పెద్ద దోపిడీ ముఠాలేనన్నవాడు అగస్టీన్. తన సంఘీయులను చంపినవారికి మరణశిక్ష వేయవద్దని అధికారికి ఉత్తరం రాసినవాడూ అతనే. విరోధి శాఖ మీద రాజ్యబలాన్ని ఆమోదించి, తరువాతి శతాబ్దాల పీడకులకు మాట అందించినవాడూ అతనే. ఎంత గొప్ప మేధ అయినా సింహాసనం పక్కన ఎక్కువకాలం కూర్చుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ వెదకనక్కరలేదు.

ఎదుటి పక్షమూ నిర్దోషి కాదు. ఆదిమ సంఘం ఆస్తులను ఉమ్మడిగా పంచుకున్నదన్న వాక్యాన్ని పట్టుకుని యేసును తమ పార్టీ సభ్యుడిగా నమోదు చేసుకునేవారు ఉన్నారు. ఆ పంపకం స్వచ్ఛందంగా జరిగింది. దాని వెనుక పోలీసు లేడు, పన్నుల శాఖ లేదు. కొండమీది ప్రసంగంలో బడ్జెట్టు లెక్కలు దొరకవు. ఇది తప్పే. అయితే రెండు తప్పులూ సమానం కావు. ఆకలిగొన్నవాని పేరుతో వాక్యాన్ని సాగదీసినవాడినీ, ఆకలిగొన్నవాని మీద ప్రయోగించడానికి వాక్యాన్ని సానపెట్టినవాడినీ ఒకే త్రాసులో తూచడం నిష్పక్షపాతం అనిపించుకోదు.

ఇంతకూ టాల్‌స్టాయ్ పుస్తకం ఫలించిన నేల ఏది? దక్షిణాఫ్రికాలో దాన్ని చదివి చలించిపోయినవాడు మోహన్‌దాస్ గాంధీ. 1910లో హెర్మన్ కాలెన్‌బాక్ ఇచ్చిన 1100 ఎకరాలలో, జొహానెస్‌బర్గ్ సమీపాన, జైలుకు వెళ్లిన సత్యాగ్రహుల కుటుంబాల కోసం 'టాల్‌స్టాయ్ ఫారం' వెలిసింది. అక్కడ గుజరాతీలు, తమిళులతోపాటు ఆంధ్రదేశం వారూ నివసించారని గాంధీ రాశాడు. హిందువులు, ముస్లిములు, పార్సీలు, క్రైస్తవులు ఒకే వంటశాలలో తిన్నారు. ఆ మనుషులకు ఓటు లేదు, సైన్యం లేదు. ఆదిమ క్రైస్తవులలాగే వారికీ పోగొట్టుకోవడానికి సింహాసనం లేదు. గలిలయ బోధ అక్కడ పనిచేసింది. సిలువ జెండాల రాజ్యాలలో పనిచేయనిది అందుకే.

ఈ కొలత క్రైస్తవానికే పరిమితం కాదని తెలుగు పాఠకునికి వేరే చెప్పనక్కరలేదు. ఏ పాలకుడైనా ఏ గ్రంథాన్నైనా చేతపట్టినప్పుడు అడగవలసినది ఒకటే: ఆ వాక్యం ఎవరిని కట్టడి చేస్తోంది? చదివేవానినా, వినేవానినా? పాలకుణ్ణి వణికించని వాక్యం పాలకుని నోట వస్తే, అది వేదపఠనమైనా సువార్త అయినా దండోరాయే అవుతుంది.

టాల్‌స్టాయ్ ఆ స్టేషనులో తేరిపార చూసినది గవర్నరును ఒక్కణ్ణే కాదు. రైతుల బిడ్డలే అయిన ఆ సైనికులనూ చూశాడు. మంచి ముఖాల పిల్లలు, తమ తండ్రులవంటివారిని కొట్టడానికి వెళుతున్నారు. అది పాపం కాదని వారికి చిన్ననాటి నుంచి నేర్పింది చర్చి. ఆ రైలు ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని ఆశీర్వదించడానికి ప్రతి దేశంలోనూ ఎవరో ఒకరు ప్లాట్‌ఫారం మీద గ్రంథం పట్టుకుని నిలబడుతూనే ఉన్నారు.