బండి పాతదే, పైపులు మాత్రం కొత్తవి

మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే ముందు "తిన్నారా?" అంటుంది, ఆ వెంటనే "కారు అమ్మేశారా?" అంటుంది. రెండేళ్లుగా ఇదే వరస.

మాది 2009లో కొన్న స్విఫ్ట్ డిజైర్, పెట్రోలు బండి. స్విఫ్ట్‌కి వెనకాల పెట్టె అతికించినట్టుందని అప్పట్లో చూసినవాళ్లంతా నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, మా పుట్టింటి నుంచి వచ్చే బియ్యం బస్తా, బెల్లం బుట్ట, అరిసెల డబ్బా, పిల్లల సంచులు అన్నీ ఆ డిక్కీలోనే పట్టేసేవి. 2012లో వచ్చిన కొత్త మోడల్‌ని పన్ను కలిసొస్తుందని నాలుగు మీటర్ల లోపుకి కుదించారు. దాంతో డిక్కీ కూడా చిక్కిపోయింది. కొన్న రోజు మా చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ముందు నిలబెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మా అత్తగారు చేత్తో పసుపు రాశారు. అప్పటికి మాది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్‌లో మేము అనకాపల్లి జిల్లా వాళ్లమైపోయాం గానీ, బండి నంబరు ఇంకా ఏపీ 31 అనే చెప్తుంది.

అమ్మాయి మాట ఎందుకు వినడం లేదో చెప్పే ముందు, నేను తలదించుకున్న ఒక రోజు గురించి చెప్పాలి.

రెండేళ్ల కిందట, మే నెల. అత్తగారికి శుక్లాల ఆపరేషన్ అయిన పదో రోజు, డాక్టరుకి చూపించడానికి విశాఖ తీసుకెళ్తున్నాం. మా రోడ్డు సంగతి ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. భీమిలి, నర్సీపట్నం రోడ్డంటే బండికీ నడుముకీ ఒకేసారి పరీక్ష. సబ్బవరం ఇంకా రాలేదు. ఏసీ గాలి వేడిగా వస్తోంది. టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. "గుంతల్లో ఇంజిన్ కష్టపడుతోందిలే" అన్నారు మావారు. రెండు నిమిషాల్లో బానెట్ సందుల్లోంచి ఆవిరి.

తాటిచెట్టు కింద ఆపాం. తాటిచెట్టు నీడ ఎంతో మీకు తెలుసు కదా. నల్ల కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ తలమీద నా కొంగు కప్పి గంటన్నర కూర్చోబెట్టాను. ఈయన రేడియేటర్ మూత తిప్పబోతుంటే, దారినపోయే ఆటో అబ్బాయి పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, ఇప్పుడు తీస్తే మొకం కాలిపోద్ది" అని. ఆ అబ్బాయి రాకపోతే ఆ రోజు ఇద్దరు రోగులతో ఆసుపత్రికి వెళ్లేవాళ్లం.

మా మెకానిక్ చోడవరం నుంచి మోటారు సైకిల్ మీద పైపు పట్టుకుని వచ్చాడు. బిగిస్తూ నావైపు చూడకుండానే అన్నాడు: "ఆర్నెల్ల కిందటే సెప్పినాను కదమ్మా, పైపు ఉబ్బిపోనాది, మార్చీమని. ఇంకో రెండు కిలోమీటర్లు తోలుంటే హెడ్ గాస్కెట్ పోను."

నిజమే. చెప్పింది నాకే. బండి ఖర్చుల పుస్తకం రాసేది నేనే. ఇంటికొచ్చి తీసి చూస్తే అందులో ఉంది: "రేడియేటర్ పైపు, వచ్చే సర్వీసింగ్‌కి." నా చేతిరాతే. ఆ నెల అమ్మాయి హాస్టల్ ఫీజు కట్టాలని ఏడు వందల రూపాయల పైపుని పక్కన పెట్టాను. అత్తగారు గట్టిగా ఏమీ అనలేదు. రాత్రి అన్నం తింటూ మాత్రం "నా కంటికి పెట్టారు, దాని గొట్టానికి పెట్టలేకపోయారా" అన్నారు.

ఆ రోజు నుంచి నా అభిప్రాయం ఇదీ. పాత బండి ఎవరినీ రోడ్డు మీద నిలబెట్టదు. నిలబెట్టేది "వచ్చే నెల చూద్దాం" అన్న మాట. ఆ మాట అననివాళ్లే పాత బండి ఉంచుకోవాలి. అనేవాళ్లు ఇవాళే అమ్మేయాలి.

మా వీధి చివర ఒకరి ఇంట్లో, పోయిన పెద్దాయన గుర్తుగా ఒక కారు ఉంది. పైన టార్పాలిన్ కప్పి, దసరాకి పూజ చేస్తారు. ఎలుకలు వైర్లు కొరికేశాయి, టైర్లు నేలకి అతుక్కుపోయాయి. ఎప్పుడో ఒకసారి బ్యాటరీ తగిలించి పిల్లల్ని ఎక్కించుకుని తిప్పుతారు. అది చూస్తే నాకు భయం వేస్తుంది. ఆ పెద్దాయనే బతికుంటే ముందు బ్రేకులు చూసేవారు.

మగవాళ్లని అంటున్నానని అనుకోవద్దు గానీ, మావారితో సహా చాలామందికి బండి బాగు చూడటమంటే ఆదివారం పొద్దున్న పైపు పెట్టి కడగడం. అద్దాలు మెరుస్తాయి. లోపల ఏముందో బానెట్ ఎత్తితే కదా తెలిసేది! ఆవకాయ జాడీ బయట తుడిస్తే సరిపోతుందా, లోపల నూనె పైకి తేలి ఉందో లేదో చూడొద్దూ? ఆడవాళ్లకి ఈ చూపు అలవాటే. కుక్కర్ గాస్కెట్ గట్టిపడిందని ఆవిరి చప్పుడుని బట్టి చెప్తాం. కారులో పాడయ్యేదాంట్లో సగం ఆ గాస్కెట్ లాంటి రబ్బరే. రేడియేటర్ పైపులు, ఫ్యాన్ బెల్టు, సస్పెన్షన్ బుష్‌లు, డోర్ బీడింగులు. ఇనుము ముందు పోదు, రబ్బరు పోతుంది.

టైర్లే చూడండి. మా టైర్లకి గాడి బాగానే ఉంది, ఇంకో రెండేళ్లు వస్తాయని ఈయన వాదన. టైరు పక్కన చిన్న గీతల్లో నాలుగు అంకెలు ఉంటాయని అమ్మాయి ఫోన్‌లో చూపించింది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మావి 2316. అంటే 2016లో 23వ వారంలో తయారైనవి. తక్కువ తిరిగే బండికి గాడి అరగదు, రబ్బరు మాత్రం ఎండలో ముదిరిపోతుంది. పక్కల్లో సన్నటి పగుళ్లు కనిపించాయి. ఏడేళ్లు దాటిన టైర్ల మీద మనవల్ని కూర్చోబెట్టుకుని తిరిగే తాతలు మన ఊళ్లలో ఎంతమందో. నాలుగూ మార్చేశాం. స్టెప్నీ సంగతి మర్చిపోకండి, దానికీ పుట్టినరోజు ఉంది.

బ్రేక్ ఆయిల్ మరీ మోసకారి. తగ్గకపోతే బాగానే ఉన్నట్టనుకుంటాం. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ వేడెక్కితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. పాడేరు ఘాట్ దిగేటప్పుడు అలా అయితే ఏ దేవుడికి మొక్కుకుంటాం? రెండేళ్లకోసారి మార్చడమే. రేడియేటర్లో బోరు నీళ్లు పోయడం కూడా మానిపించాను. మా నీళ్లకి బిందెలే తెల్లగా పొరకడతాయి.

ఇక పెట్రోలు. చెరకు పండే ఊళ్లో ఉంటూ ఇథనాల్‌ని తిట్టకూడదు. కానీ ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది, మా బండి దానికోసం తయారైంది కాదు. మైలేజీ కొంత తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే ఒప్పుకుంది. కొన్ని పాత బండ్లలో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025లో పెట్రోలియం శాఖా చెప్పింది. అందుకని పుస్తకంలో పెట్రోలు పైపులకి ఒక పేజీ పెట్టాను.

పుస్తకం లెక్క కూడా చెప్తాను. గత మూడేళ్లలో మొదటి ఏడాది 19,400 అయింది. రెండో ఏడాది టైమింగ్ బెల్టు, క్లచ్ ప్లేటు, టైర్లు కలిసి 41,000. ఆ ఏడాది ఇంట్లో నన్ను చూసి అందరూ నవ్వారు. మూడో ఏడాది 16,000. సగటున ఏడాదికి పాతిక వేల పైచిలుకు. 2024లో 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 5,000 ఫీజు, గ్రీన్ ట్యాక్స్ వేరే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండిని నిలబెట్టినప్పుడు పదో తరగతి ఫలితాలంత కంగారు పడ్డాను. "పదిహేనేళ్లు దాటితే బండి తిరగనివ్వరట" అని వాట్సాప్‌లో పంపే చుట్టాలకి చెప్పేది ఒకటే, మీరు చదివింది ఢిల్లీ గొడవ. మన దగ్గర బండి పరీక్షకి నిలిస్తే అయిదేళ్లు పొడిగిస్తారు.

అమ్మాయి చెప్పే కొత్త కారుకి నెలకి 14,500 వాయిదా, అయిదేళ్లు. తనే కడతానంటుంది. సొంత ఇల్లు కూడా లేని పిల్ల, మా తిరుగుడుకి వాయిదాలు కట్టడమేమిటి?

ఇంకో సంగతి ఉంది, ఎవరికీ చెప్పనిది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఈ బండి మీదే, 2020లో, నలభై ఆరేళ్లకి. గేటుకి రెండుసార్లు రాశాను. పాతదే కదా అని ఎవరూ ఏమీ అనలేదు. కొత్త కారు వచ్చిందంటే తాళం ఈయన జేబులోకి వెళ్తుంది. "గీత పడుతుంది, నేను తీసుకెళ్తాలే" అంటారు. ఇవాళ అనకాపల్లి బెల్లం మార్కెట్‌కైనా, మాడుగుల మా పిన్ని ఇంటికైనా ఎవరినీ అడక్కుండా వెళ్తున్నాను.

కానీ అమ్మాయి ఒక మాట అంది, దానికి నా దగ్గర జవాబు లేదు. "అమ్మా, ఆ బండిలో ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు. నువ్వు ఎన్ని పైపులు మార్చినా అవి రావు." 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. మాది దానికి పదేళ్ల ముందుది. లెక్కల పుస్తకం ఇక్కడ పనికిరాదు. ఆ రాత్రి నిజంగానే నిద్ర పట్టలేదు.

పూర్తిగా ఒప్పుకోలేదు, పూర్తిగా కాదనలేదు. చీకటి పడ్డాక హైవే ఎక్కం. దూరాలకి రైలే. అరవై దాటం. వెనక సీట్లో అత్తగారితో సహా అందరూ బెల్టు పెట్టుకోవాల్సిందే. పుస్తకం చివరి పేజీలో ఇంకొకటి రాసి ఈయన చేత సంతకం పెట్టించాను. బండి అడుగున చాసిస్‌కి తుప్పు పట్టిందని మెకానిక్ చెప్పిన రోజే ఇచ్చేయడం. బేరం లేదు, కన్నీళ్లు లేవు. ఆరు నెలలకోసారి జాకీ ఎత్తించి చూపిస్తున్నాను. మొన్న చూపిస్తే "బాగుందమ్మా" అన్నాడు. నేనూ వంగి టార్చి వేసి చూశాను.

సంక్రాంతికి అమ్మాయి వస్తోంది. రైలు అనకాపల్లిలో తెల్లవారుజామున నాలుగున్నరకి దిగుతుంది. చీకట్లో బండి తీయను, తెల్లారాక వస్తానన్నాను. "స్టేషన్లో రెండు గంటలు కూర్చోవాలా?" అంది. నీ ఎయిర్‌బ్యాగుల లెక్కే కదా అన్నాను. ఫోన్ పెట్టేసింది. బ్రేక్ ఆయిల్‌కి రెండేళ్లు ఈ నెలతో నిండుతాయి. పండగ ఖర్చులున్నాయి కదా, ఫిబ్రవరిలో చూద్దామా అంటున్నారు మావారు. గురువారం పొద్దున్నే షెడ్డుకి తీసుకొస్తానని మెకానిక్‌కి నేను చెప్పేశాను.