పాఠాంతరాల పట్టికకు ఆధారం వరుసయా, సంఖ్యయా?

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించేవారు మొదట చేయవలసిన పని ప్రతుల పాఠాలను పక్కపక్కన నిలిపి చూడడం. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ప్రతికి ఈ శ్రమయే పునాది. నాడు కాగితాల మీద సాగిన ఈ కూర్పును నేడు కంప్యూటరు మీద సాగించవచ్చు. ఒక్కొక్క తాళపత్ర ప్రతిని ఒక్కొక్క ఫైలుగా ఎక్కించి, వాటిని ఒకే పట్టికలో నిలువు వరుసలుగా కూర్చడానికి యూనిక్స్ వ్యవస్థలో 'పేస్ట్', 'జాయిన్' అనే రెండు ఆజ్ఞలున్నాయి. వీటిలో మొదటిది సులభం. కాని పాఠపరిష్కరణకు రెండవదే తగినదని నా అభిప్రాయం.

'పేస్ట్' ఎన్ని ఫైళ్లనైనా ఒక్కసారే కలుపుతుంది. అయితే అది పాటించేది పంక్తుల వరుసను మాత్రమే. రెండు ఫైళ్లలోని పదవ పంక్తులు ఒకే పద్యానివా, కావా అన్న విచారణ దానికి లేదు. ఒక ప్రతిలో 10వ పద్యం లోపిస్తే, అక్కడినుండి ఆ ప్రతి పాఠాలన్నీ ఒక్కొక్క స్థానం పైకి జరుగుతాయి. యంత్రం ఏ హెచ్చరికా చేయదు. పద్యాల పట్టికలో ఈ ప్రమాదం కంటికి దొరకవచ్చు. పదానికొక పంక్తిగా కూర్చిన పట్టికలో దొరకడం కష్టం. ప్రతి చెప్పని పాఠాన్ని దానికి అంటగట్టడం కూటసాక్ష్యంతో సమానం.

లోపించిన చోట్ల ఖాళీ పంక్తులు చేరిస్తే చాలదా అని కొందరనవచ్చు. చాలదు. ఒక్క ఖాళీ మరచినా తరువాతి భాగమంతా చెడుతుంది. చెడినట్లు తెలిపే గుర్తు ఏదీ ఉండదు.

'జాయిన్' పద్యసంఖ్యను చూసి జతపరుస్తుంది. అందుకు మూడు నియమాలు అవసరం. మొదటిది: ప్రతులలోని సంఖ్యలు భిన్నంగా ఉంటాయి కనుక, ఒక ఆధారప్రతిని అనుసరించి పద్యాలకు, వచనాలకు ఉమ్మడి సంఖ్యలు ఇవ్వాలి. రెండవది: ఫైళ్లు ఆ సంఖ్యల క్రమంలో ఉండాలి. యంత్రం ఇక్కడ అంకెలను అక్షరాలుగా చదువుతుంది కనుక 10 వచ్చి 2కు ముందు కూర్చుంటుంది. 002, 010 అని సమాన పొడవుతో వ్రాస్తే ఈ చిక్కు తీరుతుంది. మూడవది: ఈ క్రమీకరణలో ప్రతిలోని అసలు పద్యక్రమం మరుగుపడుతుంది. పద్యాల తారుమారు కూడా పరిష్కర్తకు ఆధారమే కనుక, ఆ క్రమాన్ని వేరొక వరుసలో భద్రపరచాలి.

'జాయిన్' కూడా నిర్దోషం కాదు. ఒకసారి రెండు ఫైళ్లనే కలుపుతుంది; ప్రతులు పెరిగినకొద్దీ ఆ పనిని మళ్లీ మళ్లీ చేయాలి. అంతకంటె ముఖ్యంగా, ప్రత్యేకంగా ఆదేశించకపోతే జతలేని పంక్తులను విడిచిపెడుతుంది. ఒక పద్యం కొన్ని ప్రతులలో లేకపోవడమే అది ప్రక్షిప్తమేమోనన్న విచారణకు తొలి ఆధారం. కాబట్టి జతలేని వాటిని నిలిపి, ఖాళీ చోట లోపచిహ్నం ఉంచమని ఆజ్ఞాపించడం తప్పనిసరి.

ఈ ఆజ్ఞలు నేర్వడానికి ఎక్కువ కాలం పట్టదు. ఏది దేనితో జతపడాలో నిర్ణయించడానికి మాత్రం ఛందస్సు, వ్యాకరణం, లిపిపరిచయం కావాలి. అవి ప్రాచ్య కళాశాలల సొత్తు. కనుక పాఠపరిష్కరణ బోధనలో ఈ కూర్పు పద్ధతికి కూడా చోటు కల్పించడం ఆచార్యుల బాధ్యత.