అమ్మకు కీళ్ళవాతం ఉంటే...

తల్లి వేళ్ళు వంకరపోయి ఉన్నాయని కూతురి సంబంధం వదులుకునేవారున్నారు. తొందరపడకండి. ఇది వయసుతో వచ్చే మోకాళ్ళ అరుగుదల కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే పొరపాటున సొంత కీళ్ళమీద తిరగబడే జబ్బు. మేము రుమటాయిడ్ ఆర్త్రైటిస్ అంటాం.

తల్లికో, అక్కకో ఉంటే మీకు వచ్చే అవకాశం కొంత ఎక్కువే. కాని అచ్చు ఒక్కలా ఉండే కవలల్లో ఒకరికి వచ్చినా, రెండోవారికి వచ్చేది సుమారు నూటికి 15 మందికే! రక్తసంబంధం ఒక్కటే చాలదన్నమాట. పొగ తాగితే మాత్రం ప్రమాదం పెరుగుతుంది. మానండి.

పొద్దున్నే వేళ్ళు గంటసేపు బిగుసుకుపోయి, కణుపులు వాస్తున్నాయా? తైలాలు రాస్తూ నెలలు గడపకండి. వేళ్ళు వంకరపోకముందే మందులు మొదలుపెట్టాలి. డాక్టరుకు అమ్మగారి జబ్బు సంగతి ముందే చెప్పండి.