తాగేవాడూ వినియోగదారుడే

హైదరాబాద్ పబ్బులో మోసపోయినవాడు ఎవరికీ చెప్పుకోడు. ఇంట్లో చెబితే "అసలు అక్కడికెందుకు పోయావు?" అంటారు. స్నేహితులకు చెబితే "పబ్బుకెళ్లి బిల్లు చూసుకుంటారా ఎవరైనా?" అంటారు. పోలీసు స్టేషన్‌కు వెళదామంటే, నోటి నుంచి వచ్చే వాసన ముందు తననే దోషిని చేస్తుందని భయం. బిర్యానీలో పురుగొస్తే వీడియో తీసి ఊరంతా చూపించే మనం, పబ్బులో వేల రూపాయలు ఊడ్చేసినా గుటక మింగి ఊరుకుంటాం. జూబ్లీహిల్స్ నుంచి హైటెక్ సిటీ, గచ్చిబౌలి దాకా ఒకే పేరుతో బ్రాంచి మీద బ్రాంచి తెరుస్తున్న పబ్బులకు మందు మీద వచ్చే లాభం ఒకటైతే, మన మొహమాటం మీద వచ్చే లాభం ఇంకొకటి. ఆ రెండో లాభాన్ని ఆపాలి. ఆపగలిగేది మనమే.

మద్యం మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన తెలుగు నేల ఇది. ఆ పోరాటానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ తాగేవాణ్ణి దోచుకున్నంత మాత్రాన తాగుడు తగ్గదు, దోచుకునేవాడి గల్లాపెట్టె నిండుతుంది. ప్రభుత్వం లైసెన్సు ఇచ్చి, తానే టోకు వ్యాపారిగా సీసాలు సరఫరా చేసి, ఏటా వేల కోట్లు రాబట్టుకునే వ్యాపారం ఇది. అందులో డబ్బు పెట్టి కొనేవాడికి హక్కులు లేవనడం ఏ నీతి?

అవమానం గేటు దగ్గరే మొదలవుతుంది. శుక్రవారం, శనివారం రాత్రి నలుగురు కుర్రాళ్లు కలిసి వెళితే బౌన్సర్ చెయ్యి అడ్డం పెడతాడు. స్టాగ్ ఎంట్రీ లేదంటాడు, కపుల్స్ అయితేనే లోపలికంటాడు. కాళ్లకు చెప్పులుంటే కిందికి చూస్తాడు, చొక్కా మామూలుదైతే పైకి చూస్తాడు. ఇంగ్లిష్‌లో గట్టిగా మాట్లాడినవాడికి తాడు పక్కకు జరుగుతుంది, తెలుగులో బతిమాలినవాడికి జరగదు. మన రాజ్యాంగంలో 15(2) అధికరణం ఉంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిలో ఏ ఒక్కదాన్ని మాత్రమే చూపి ఏ పౌరుణ్ణీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి, జనం వెళ్లే భోజనశాలల్లోకి, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపకూడదని అది చెబుతోంది. పల్లెటూరి టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసిన సమాజానికి ఆ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. మనిషిని చూసి గ్లాసు వేరు చేసిన బుద్ధికీ, మనిషిని చూసి గేటు మూసే బుద్ధికీ చుట్టరికం ఉంది.

"ఆడవాళ్ల భద్రత కోసమే సార్" అంటారు. అది నిజమైతే వేధించినవాణ్ణి అక్కడికక్కడే పట్టుకుని పోలీసులకు అప్పగించాలి. పార్కింగ్‌లో వెలుతురుండాలి. ఫిర్యాదు చేసిన అమ్మాయి మాట వినడానికి ఒక మహిళా సిబ్బంది ఉండాలి. ఇవేవీ చేయకుండా, లేడీస్ నైట్ పేరుతో ఆడవాళ్లకు ఉచితంగా మందు పోసి, వాళ్లను చూపించి మగవాళ్ల దగ్గర కవర్ చార్జి వసూలు చేసేవాళ్లు భద్రత మాట ఎత్తకూడదు. ఆడవాళ్లను ఎరగా వాడుకునే చోట వాళ్లకు గౌరవం ఎక్కడిది?

లోపలికి వెళ్లాక కొలత సంగతి. వైన్ షాపులో క్వార్టర్ కొంటే సీల్ మన కళ్ల ముందుంటుంది. పబ్బులో పెగ్గు ఎక్కడో చీకట్లో, కౌంటర్ వెనక, చెవులు పగిలే పాటల మధ్య పోస్తారు. ఐస్ నింపిన గ్లాసులో వచ్చింది 30 మిల్లీలీటర్లో 20 మిల్లీలీటర్లో చూసి చెప్పగల మొనగాడు లేడు. వ్యాపారంలో వాడే ప్రతి కొలత పాత్రకూ తూనికలు కొలతల శాఖ తనిఖీ ముద్ర ఉండాలని 2009 నాటి చట్టం చెబుతోంది. పెట్రోల్ బంకులో మీటర్ సున్నా చూసుకునే మనం, అంతకన్నా ఎన్నో రెట్లు ఖరీదైన ద్రవం కొంటూ కొలత పాత్ర చూపించమని అడగం. అడిగితే పరువు తక్కువ అనుకుంటాం. కొలత తగ్గించి పోసినవాడికి లేని పరువు భయం మనకెందుకు?

ఇప్పుడు బిల్లుకు వద్దాం, ఎందుకంటే అసలు అన్యాయం అక్కడుంది. హోటళ్లు, రెస్టారెంట్లు నీళ్ల సీసాను ఎమ్మార్పీ కంటే ఎక్కువకు అమ్మొచ్చా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ వాళ్ల వాదన ఏమిటి? తాము అమ్ముతున్నది ఒట్టి సీసా కాదు, కూర్చునే చోటు, వాతావరణం, సేవ అన్నీ కలిపి అమ్ముతున్నామని. 2017 డిసెంబర్‌లో కోర్టు వాళ్ల వైపే తీర్పిచ్చింది. సరే, తీర్పుకు తలవంచుదాం. సేవ ఖరీదు ధరలోనే కలిసి ఉందని వాళ్లే ఒప్పుకున్నట్టయింది కదా! మరి బిల్లు కింద మళ్లీ 10 శాతం సర్వీస్ చార్జి దేనికి? ఒకే సేవను ఒకే మనిషికి ఒకే రాత్రి రెండుసార్లు అమ్మడం దోపిడీ. ఈ ప్రశ్న నా ఒక్కడిదే కాదు. 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం కూడా, ఎమ్మార్పీకి మించి తీసుకుంటూ మళ్లీ సర్వీస్ చార్జి ఎందుకని రెస్టారెంట్ల సంఘాలను నిలదీసింది.

చట్టం సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. సర్వీస్ చార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదు. పేరు మార్చి వసూలు చేయకూడదు. ఇవ్వనన్నవాణ్ణి లోపలికి రానివ్వకుండా ఆపకూడదు. ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. దీని మీద రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళితే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు పిటిషన్లు కొట్టేసి, రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయల ఖర్చులు విధించింది. వాళ్లు అప్పీలుకు వెళ్లారు. వెళ్లనివ్వండి. కానీ ఆ తీర్పు వచ్చాక కూడా బిల్లుల మీద సర్వీస్ చార్జి గీత కనిపిస్తోందంటే దాని అర్థం ఒక్కటే. మనం చదవమని వాళ్లకు ధీమా.

నగరం నడిబొడ్డున ఒక పేరున్న పబ్బులో ఆ గీత కొట్టేయమని అడిగాను. వెయిటర్ వెళ్లి కెప్టెన్‌ను పిలిచాడు, కెప్టెన్ మేనేజర్‌ను పిలిచాడు, వాళ్ల వెనకాల ఒక బౌన్సర్ వచ్చి ఊరికే నిలబడ్డాడు. "సార్, కంపెనీ పాలసీ సార్" అన్నారు. పక్క టేబుళ్ల వాళ్లు తలలు తిప్పి చూశారు. నా వెంట వచ్చినవాడు చొక్కా లాగి "వదిలేయరా, పరువు పోతోంది" అన్నాడు. ఆ మాట కోసమే వాళ్లు ఎదురుచూస్తారు. నలుగురిలో చిన్నబోతామన్న మన భయమే వాళ్ల పాలసీ. చట్టం నంబరు చెప్పి పట్టుబట్టాక, మారు మాట్లాడకుండా కొత్త బిల్లు తెచ్చారు. అడిగితే తీసేయాల్సిందేనని వాళ్లకు ముందే తెలుసు.

"పాపం, ఆ చార్జి వడ్డించే పిల్లల కోసమేగా" అని జాలిపడేవాళ్లున్నారు. ఆ జాలి నాకూ ఉంది. ఈశాన్య రాష్ట్రాల నుంచి, నేపాల్ నుంచి, ఒడిశా నుంచి, మన జిల్లాల నుంచి వచ్చి అర్ధరాత్రి దాటేదాకా నిలబడి పనిచేసే పిల్లలు వాళ్లు. కానీ సర్వీస్ చార్జి యజమాని ఖాతాలో పడుతుంది. అందులో ఎంత వాళ్లకిస్తున్నారో మనకు చూపించే కాగితం లేదు. బ్రిటన్‌లో 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం టిప్పు, సర్వీస్ చార్జి మొత్తం పనివాళ్లకే చేరాలి, యజమాని కోత పెట్టడానికి వీల్లేదు. అక్కడ చదువుకుంటూ పబ్బుల్లో గ్లాసులు కడిగే మన తెలుగు పిల్లలకు కూడా ఆ రక్షణ ఉంది. అక్కడి బార్లలో తాగే నీళ్లు అడిగితే ఊరికే ఇవ్వాలి, విస్కీ పోసే కొలత ఎంతో బోర్డు మీద రాసి పెట్టాలి. మన పిల్లలకు లండన్‌లో దొరికే న్యాయం మాదాపూర్‌లో ఎందుకు దొరకదు? మీరు నిజంగా ఆ కుర్రాడికి ఇవ్వాలనుకుంటే నోటు అతని చేతిలో పెట్టండి. సర్వీస్ చార్జి మాత్రం కొట్టేయించండి.

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. ప్రాణం సంగతేమిటి? 2017 డిసెంబర్ 29 తెల్లవారకముందే ముంబై కమలా మిల్స్‌లోని పబ్బుల్లో మంటలు లేచి 14 మంది చనిపోయారు. చాలామంది బాత్‌రూమ్‌లో తలదాచుకుని పొగకు ఊపిరాడక పోయారు. 2025 డిసెంబర్‌లో గోవా అర్పోరాలోని నైట్‌క్లబ్బులో 25 మంది బలయ్యారు. వాళ్లలో ఎక్కువమంది అక్కడ పనిచేసే సిబ్బందే. గేటు దగ్గర చెప్పులు పట్టి పట్టి చూసే బౌన్సర్‌ను, మంటలొస్తే బయటపడే దారి ఏదని అడగండి. లోపల ఎంతమంది పడతారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారని మేనేజర్‌ను అడగండి. కిక్కిరిసి ఉంటేనే పబ్బుకు పేరు అనుకునే రోజుల్లో ఈ ప్రశ్న అడిగేవాడే లేడు.

ప్రభుత్వాన్నీ వదలను. ప్రతి సీసా మీద హోలోగ్రామ్ అంటించి, తన పన్ను ఒక్క రూపాయి జారిపోకుండా చూసుకునే వ్యవస్థకు, అదే సీసా నుంచి గ్లాసులోకి పడే కొలత మాత్రం కనిపించదు. బార్ నడిపే 2బీ లైసెన్సు ఇచ్చేది ఎక్సైజ్, కొలత చూసేది ఇంకో శాఖ, మంటలు చూసేది మరో శాఖ, భవనం చూసేది నగరపాలక సంస్థ. అందరూ ఉన్నారు, జవాబుదారీ ఎవరూ లేరు. లైసెన్సు పునరుద్ధరణకు షరతుగా నాలుగు పెట్టండి: టేబుల్ ముందే పోసే ముద్ర ఉన్న కొలత, సర్వీస్ చార్జి లేని బిల్లు, గేటు దగ్గర రాసిపెట్టిన ప్రవేశ నిబంధనలు, తలుపు మీద లోపల పట్టే మనుషుల సంఖ్య. ఒక్కటి తప్పినా తాళం వేయండి.

"ఇష్టం లేకపోతే వెళ్లకండి" అని యజమానులంటారు. ఇది మీ సొంత ఇల్లు కాదు, ప్రజల పేరున ఇచ్చిన లైసెన్సు. దాని షరతులు మీకు ఇష్టం లేకపోతే మీరే తిరిగిచ్చేయండి.

ఇక మనం. బిల్లు రాగానే ఫోన్ వెలుగులో పైనుంచి కింద దాకా చదవండి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు కాబట్టి ఆ పన్ను దేని మీద వేశారో చూడండి. సర్వీస్ చార్జి ఉంటే తీయించండి. తీయనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, జిల్లా కలెక్టర్‌కు ఫిర్యాదు రాయండి. పక్క టేబుల్‌లో ఎవరైనా గొంతెత్తితే తల తిప్పుకోకండి, లేచి అతని పక్కన నిలబడండి. ఒక్కడు అడిగితే బౌన్సర్ వస్తాడు. నాలుగు టేబుళ్లు అడిగితే కొత్త బిల్లు వస్తుంది. నగరమంతా అడిగితే ఆ గీతే మాయమవుతుంది.